మూడింటికి రాహుకాలం, నాలుగింటికి ఓడ

ఇరవై రెండేళ్లుగా యాత్రా బస్సులు నడుపుతున్నా, ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఎక్కడా వదిలేసి వచ్చిన పాపం కాశింకి లేదు. గుణదలలో అతని ట్రావెల్స్ ఆఫీసు. అక్కడ బయల్దేరిన బస్సు కాశీ వెళ్లింది, రామేశ్వరం వెళ్లింది, అజ్మీరూ వెళ్లింది. ఎక్కడైనా సరే, తలలు లెక్కపెట్టకుండా బండి కదిలేది కాదు. గయలో ఒక పెద్దాయన గొడుగు మర్చిపోయానని వెనక్కి వెళితే ముప్పావుగంట ఆపాడు. ఆ గొడుగు దొరకలేదు కూడా. “కాశిం బస్సేగా, ఆగుతుందిలే” అనుకుని టీకొట్టు దగ్గర రెండో టీ చెప్పేవాళ్లు బెజవాడ నిండా ఉన్నారు. వాళ్లని అలా చెడగొట్టింది అతనే.

మనుషుల కోసం ఆగడం ఒక ఎత్తు, రాహుకాలం కోసం ఆగడం ఇంకో ఎత్తు. బస్సెక్కే పదిమందిలో నలుగురు ఆ వేళలో కాలు బయట పెట్టరు. కాశింకి ఆ పట్టింపు లేదు. అయినా ఎదుటివాళ్ల పట్టింపు చూసి నవ్వే అలవాటు కూడా లేదు. బండి నీడలో పెట్టి, ఆ గంటన్నరా దాటాకే తీయించేవాడు. సోమవారం ఏడున్నర, మంగళవారం మూడు అంటూ వేళలన్నీ అతనికే నోటికి వచ్చేశాయి. మరీ ఆగడం కుదరనప్పుడు, అలాంటివాళ్ల సంచి ఒకటి ముందుగానే మంచి గడియలో ఆఫీసుకి తెప్పించి పెట్టేవాడు. దాన్ని పరస్థానం పెట్టడం అంటారు. సంచి బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే, ఆ తర్వాత ఏ వేళకి బండెక్కినా దోషం ఉండదు.

అలాంటి కాశిం పన్నెండు మందిని కరీబియన్ ఓడ ఎక్కించాడంటే ఆ పుణ్యం అతని కూతురు ఆఫ్రీన్‌ది. టూరిజం చదివి ఆఫీసులో కూర్చున్న ఆరు నెలల్లోనే, తెల్లారి నడిచే గుణదల పెద్దవాళ్లకి ఓడ బొమ్మలు చూపించి ఒప్పించేసింది. కాశీ అయింది, కేదారం అయింది, ఇంక మిగిలింది అదొక్కటే అన్నట్టు వాళ్లూ సై అన్నారు. కృష్ణలో పడవెక్కితేనే కడుపు తిప్పే మనిషి కాశిం. అందుకని వాళ్లతో ఆఫ్రీనే వెళ్లాలని తేల్చారు.

పన్నెండో పేరు కంకిపాడు రత్తమ్మది. నలభై ఏళ్లు అరటితోట కౌలు చేసిన మనిషి. అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్లు అరిగాయి, గొంతు మాత్రం అరగలేదు. పదిహేనేళ్లుగా కాశిం వేసిన ఏ యాత్రా ఆమె వదల్లేదు.

“మంగినపూడిలో ఎన్నిసార్లు మునిగినా నా కాళ్లు నాకు కనపడలేదయ్యా, అంతా బురదే. అక్కడ సముద్రం అద్దంలా ఉంటుందంటగా. ఒక్కసారి నిలబడి చూసుకోవాలి” అంది.

ఆమె కొడుకు శివాజీకి హనుమాన్ జంక్షన్‌లో ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. ఆ షాపు వదిలి ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. “కాశిం గారూ, మీ బస్సంటే నాకు బెంగ లేదు. ఆ ఓడలు టైమైతే మనుషుల్ని ఒడ్డున వదిలేసి పోతాయంటండీ. మా అమ్మకి తెలుగు తప్ప ముక్క రాదు.”

“మీ అమ్మగారు ఎక్కకుండా ఓడ పోదు. నా మాట” అన్నాడు కాశిం. నోరు జారాక గాని తెలియలేదు, ఆ ఓడ తనది కాదని.

మాట ఇచ్చాక నిద్ర పడుతుందా? ఓడ మూడు దీవుల దగ్గర ఆగుతుంది. ఆ మూడు రోజులు ఒడ్డున ఎలా గడపాలో తండ్రీకూతుళ్లు నెల్లాళ్లు కూర్చుని రాశారు. పెద్దవాళ్లకి ఓడవాళ్లు నడిపే టూరే తీసుకోవాలంది ఆఫ్రీన్. ఆ టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా తిరిగి ఆలస్యమైతే ఆగదు. పాస్‌పోర్టు గదిలో బీరువాలో, జిరాక్సు జేబులో. ఫోను దీవి టైముకి మారిపోయినా చేతి గడియారం మాత్రం ఓడ టైముకే ఉండాలి. ఆవకాయతో సహా తినేవేవీ ఒడ్డుకి దించకూడదు. దీనికి కాశిం తన అనుభవం కలిపాడు. ఎక్కడికెళ్లినా ముందు బాత్రూమ్ ఎక్కడో కనుక్కోవాలి. మోకాళ్ల నొప్పులవాళ్లకి నీడ, కూర్చోడానికి చోటు ఉండాలి. రోజుకి చూసేది ఒక్కటే. “రెండు చూస్తే సంతోషం, నాలుగు చూస్తే కాళ్లనొప్పులు” అన్నాడు. అన్నిటికంటే పైన ఎర్ర స్కెచ్‌తో ఆఫ్రీన్ ఒకటి రాసింది: ఓడ ఎక్కాల్సిన టైముకి గంట ముందే రేవులో ఉండాలి. ఆ కాగితం ఒకటి ఆఫీసు గోడకి అంటించి, ఒక్కొక్కటి అందరి చేతుల్లో పెట్టింది.

ఆదివారం పన్నెండు గంటలకి అందరూ ఓడ ఎక్కారు. సోమవారం మొదటి దీవి. మర్నాడు తెల్లారేసరికి ఫోటో వచ్చింది. రత్తమ్మ చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, నీళ్లలో తల వంచి తన పాదాలే చూసుకుంటోంది. కాశిం దాన్ని శివాజీకి పంపి, ఆ రోజంతా వచ్చిన వాళ్లకీ పోయిన వాళ్లకీ చూపించాడు.

మంగళవారం సాయంత్రం ఏడింటికి డ్రైవర్ పెద్దబ్బాయి ఆఫీసుకొచ్చి కారు తాళాలు బల్ల మీద పెట్టాడు. ఐదున్నరకి రావాల్సిన మనిషి.

“ఏం చెయ్యమంటారండీ, సామాను ఎక్కించాక రాహుకాలం గుర్తొచ్చింది వాళ్లకి. మూడింటి నుంచి నాలుగున్నర దాకా కంకిపాడు సెంటర్లో నిలబెట్టేశారు. మన కాశిం గారైతే ఆగరా అని నాకే ఎదురు చెప్పారండీ” అన్నాడు.

కాశిం నవ్వబోయి గోడ మీది కాగితం వైపు చూశాడు. మంగళవారం, రెండో దీవి. అడుగున అద్దం ఉన్న పడవ టూరు, మూడింటికి రేవులో దింపుతారు. నాలుగింటికల్లా అందరూ ఎక్కాలి. నాలుగున్నరకి ఓడ కదులుతుంది.

ఇంత ప్లానూ వేసి, పెద్దవాళ్లని సరిగ్గా రాహుకాలం నోట్లో దింపుతున్నారు. టూరువాళ్లు రేవులో దింపేశాక వాళ్ల పూచీ తీరిపోతుంది, ఇంక ఓడ ఆగదు. రత్తమ్మ నాలుగున్నర దాటందే అడుగు వెయ్యదు. బెజవాడ టైము లెక్కేసుకుంటుందన్న ఆశ కూడా లేదు. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పొద్దే లెక్క అని కాశీలో అతనికే పాఠం చెప్పిన మనిషి ఆమె. ఓడ ఆగుతుందిలే అని కూర్చుంటుంది. ఆగుతుందని పదిహేనేళ్లు నేర్పింది ఎవరు?

ఆఫ్రీన్‌కి ఫోన్ చేశాడు, కలవలేదు. అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, అప్పటికే దీవిలో దిగి ఉంటారు. ఒడ్డున ఆమె ఫోనుకి నెట్ లేదు. వాట్సాప్‌లో గొంతు రికార్డు చేశాడు.

“రత్తమ్మ గారూ, నేను కాశింనమ్మా. మూడైందని ఆగకండి. ఆదివారం మంచి వేళలోనే మీ పెట్టె ఓడలో పెట్టారుగా? పరస్థానం అప్పుడే అయిపోయింది. మీరిప్పుడు కొత్తగా బయల్దేరట్లేదు, మీ పెట్టె దగ్గరికి మీరు పోతున్నారు, అంతే. దోషం లేదు. ఇది నా బస్సు కాదమ్మా, ఆగదు. మీకు దణ్ణం పెడతా, ఎక్కేయండి.”

పంపాడు. ఒకటే టిక్కు పడింది. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా ఒకటే టిక్కు. “పంపావుగా, ఇంక అల్లా చూసుకుంటాడు” అంది భార్య జమాల్ బీ. శివాజీకి ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాడు. ఒక్కటీ నోటికి వచ్చేలా లేదు. అనుకుంటూనే ఎప్పుడో కళ్లు మూతపడ్డాయి.

తెల్లవారుజామున ఫజర్ అజాన్ వినిపిస్తుండగా ఫోన్ మోగింది.

“అబ్బాజాన్, అందరం ఎక్కేశాం!” అంది ఆఫ్రీన్.

కాశిం మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు వచ్చేశాయి. జమాల్ బీ కంగారుపడి భుజం పట్టుకుంటే, చేత్తోనే అంతా బాగుందని సైగ చేశాడు.

అవతల ఆఫ్రీన్ గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. ఈత వచ్చిన వాళ్లని తీసుకుని వేరే వైపు వెళ్లి, తను మూడున్నరకి రేవుకొచ్చింది. చూస్తే ఓడకి ఎదురుగా బెంచీ మీద రత్తమ్మ, ఆమెకి అటూ ఇటూ ముగ్గురు గొడుగులేసుకుని కూర్చున్నారు. సరిగ్గా మూడింటికే వచ్చారట, కాగితంలో రాసినట్టే. పావుగంట బతిమాలింది, కదల్లేదు. “మీ నాన్నకి ఫోన్ చెయ్యి, డ్రైవరుతో ఆయన మాట్లాడతాడు” అందట రత్తమ్మ. వేరే దారిలేక రేవులో వైఫై పట్టుకునేసరికి ఈ మెసేజ్ వచ్చి పడింది. గట్టిగా పెట్టి వినిపించింది. రత్తమ్మ మొత్తం విని, “ఈ ముక్క ముందే ఏడవచ్చుగా” అని లేచి నిలబడింది. ఆమె లేస్తే మిగతా ముగ్గురూ లేచారు. ఎక్కేసరికి నాలుగుకి ఏడు నిమిషాలు తక్కువ.

“నాలుగున్నరకి ఎవరో మొగుడూ పెళ్లాం సంచులతో రేవు పొడుగునా పరిగెత్తుకుంటూ వచ్చారు అబ్బా. మేం పైనుంచి చూస్తూనే ఉన్నాం. ఆగలేదు. ఇదిగో, మాట్లాడు.”

“కాశిమూ” అంది రత్తమ్మ. గొంతు ఎప్పటికన్నా చిన్నగా ఉంది. “నిజంగానే పోయిందయ్యా. ఆ పిల్ల చేతులూపుతా ఏడుస్తుంటే కూడా పోయింది.”

“తప్పు నాదేనమ్మా. రోజూ వేళలు చూసే నేనే ఇది మర్చిపోయా. మీరలా కూర్చున్నారంటే నా ప్రాణం పోయింది. అక్కడ నేను కూడా లేను.”

“లేకపోవటమేంటి?” గొంతు మళ్లీ పెద్దదైంది. “నువ్వు లేకపోతే మమ్మల్ని ఎక్కించిందెవరు?”