ఊరికే దొరికినది

మా మేనమామ మైకు సెట్లు బాగుచేసేవాడు. అందరూ ఆయన్ని మైకు మావయ్య అనే పిలిచేవారు. దేవుడి మాటెత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. ఆయన అక్క, అంటే మా అమ్మ, ఉపవాసాలుండేది, వారం వారం చర్చి ఊడ్చేది. “అక్కా, నా వంతు ప్రార్థన కూడా నువ్వే చేసెయ్యి” అని వేళాకోళం చేసేవాడు.

ఒక ఆదివారం అమ్మ జ్వరంతో ఇంట్లోనే పడుకుంది. చర్చిలో ప్రసంగం మధ్యలో స్పీకరు గరగరలాడింది. కబురందుకొని మావయ్య పనిముట్ల సంచితో వచ్చాడు. స్పీకరుకు చెవి ఆనించి కూర్చున్నాడు. గరగర ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలంటే మాటలన్నీ వినక తప్పలేదు.

“లోకం పుట్టకముందే దేవుడు తనవాళ్ళను ఎన్నుకున్నాడు. వాళ్ళలో ఏ మంచీ చూసి కాదు, తన ప్రేమ కొద్దీ!” అంటున్నారు పాస్టరుగారు.

ఊడిన తీగ దొరికింది, అతికించాడు. స్పీకర్లో పాస్టరుగారి గొంతు ఖంగుమంది. అయినా మావయ్య అక్కణ్ణించి లేవలేదు.

ఆరాధన అవగానే కళ్ళనీళ్ళతో పాస్టరుగారికి అడ్డం పడ్డాడు. “అయ్యగారూ, ఆయన ఎన్నుకున్నవాళ్ళలో నేనున్నానో లేదో ఎలా తెలిసేది?”

“పొద్దున దాకా క్రీస్తంటే నవ్వేవాడివి. ఇప్పుడు ఆయన కావాలని ఏడుస్తున్నావు. ఈ దాహం నీ అంతట నువ్వు తెచ్చుకున్నావా? వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకో. వచ్చినవాణ్ణి ఆయన తోసెయ్యడు.”

అక్కడే నేల మీద బోర్లా పడ్డాడు మావయ్య. లేచాక చెప్పులు కూడా మరిచిపోయి మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా! నన్ను పట్టేసుకున్నాడు!”

“ఎవర్రా, పోలీసులా?” అమ్మ దిగ్గున లేచి కూర్చుంది.

“దేవుడు! నేను పుట్టకముందే నన్ను తనవాణ్ణి చేసుకున్నాడే!”

సంతోషించాల్సిన అమ్మ ముఖం ముడుచుకుంది. “కడుపు మాడ్చుకున్నది నేను. ఒక్క పూటైనా మోకరించని నీకు ఊరికే ఇచ్చేశాడా?”

“ఊరికేనే అక్కా! నీకూ ఊరికేనే!”

“నాకూనా?” అంది అమ్మ, చిన్నపిల్లలా. “ఎంత చేసినా ఇంకా చాలలేదేమోనని హడలి చచ్చానురా ఇన్నాళ్ళూ!” తమ్ముడి భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులోనే నవ్వింది.

బాప్తిస్మం రోజున చెరువు నీళ్ళలో మునిగి లేస్తూనే మావయ్య పట్టలేని ఆనందంతో పాస్టరుగారిని అమాంతం వాటేసుకున్నాడు. ఇద్దరూ దబ్బున మళ్ళీ నీళ్ళలో పడ్డారు. ఒడ్డున అమ్మ పొట్ట చేత్తో పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వుతూ, “హల్లెలూయ!” అని కేకేసింది.