సక్కుబాయి గొంతు

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో రాజమణికి ముక్కు మీద కోపమని పేరు. సర్కారు దవాఖానాలో ఆయాగా పగలంతా నలుగురి మాటలూ పడి వచ్చే మనిషికి కోపం ముక్కు మీద కాక మరెక్కడుంటుంది? అది తల్లి ఇచ్చిన ఆస్తి కూడాను. తల్లి సక్కుబాయి పూలు అల్లేది, పాటలు పాడేది. గల్లీలో ఎవరింట పెళ్లికి పసుపు దంచినా, ఆమె గొంతెత్తితే గాని రోకలి లేచేది కాదు.

ఇంట్లోకి టచ్ ఫోన్ రాకముందే ఆ సక్కుబాయి పోయింది. గోడ మీద ఫోటో మిగిలింది. గొంతే ఎక్కడా లేదు.

పాత పెళ్లిపాటలు సేకరించే ఒక సంస్థ నుంచి నీహారిక అనే అమ్మాయి వచ్చి, "పాత వీడియో క్యాసెట్లు ఉంటే ఇవ్వండమ్మా, కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రంగా దాస్తాం" అన్నప్పుడు రాజమణికి ప్రాణం లేచొచ్చింది. అమ్మ పాడని పెళ్లి గల్లీలో లేదు. ఆ పెళ్లిళ్లన్నీ వీడియో తీసింది కార్వాన్‌లో దుకాణమున్న బీరయ్య. రాజమణి ఇంటింటికీ తిరిగి, అటకల మీంచి దింపించి, బూజు దులిపి, సంచి నిండా క్యాసెట్లు పోగు చేసింది. వాటిని ఆడించే మిషన్ ఇంకా బీరయ్య దగ్గరే ఉందని తెలిసి, నీహారికను వెంటబెట్టుకుని అతని దుకాణానికి వెళ్లింది.

తెర మీద సక్కుబాయి కనబడింది. రోకళ్లు పట్టిన ఆడవాళ్ల మధ్య మెడ ఎత్తి నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మగగొంతు వచ్చింది. వానలో హీరోయిన్ని పిలిచే సినిమా డ్యూయెట్టు!

"ఏందన్నా గిది?"

బీరయ్య తల గోక్కున్నాడు. "మిక్సింగ్ అక్కా. అప్పట్ల అందరు గదే అడిగెటోళ్లు. ముసలోళ్ల పాటలు ఎవలింటరు, సినిమా పాటెయ్యి భాయ్ అనెటోళ్లు."

"మరి అసలు టేపేది?"

"దాని మీదనే ఇంకో పెండ్లి తీసిన."

రాజమణి ఒంటికాలి మీద లేచింది. "నీ చేతులిరగ! మా అమ్మ గొంతు మీద ఎవలి పెండ్లో తీసినవా? పొద్దందాక పాడి, గొంతు పోయి, ఇంటికొచ్చి ఉప్పునీళ్లు పుక్కిలించేది నా తల్లి!"

బీరయ్య ఒక్కడిదేనా తప్పు? పెళ్లిలో అమ్మలక్కల పాట కావాలి, వీడియోలో మాత్రం అది నామోషీ. తుడిపించినవాళ్లమూ మనమే, ఇప్పుడు దాచుకుందామని సంచులు పట్టుకుని తిరుగుతున్నదీ మనమే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఒక్కో క్యాసెట్టే వేశారు. అన్నిట్లో అదే తల్లి, అదే తెరిచిన నోరు, ఎవరివో గొంతులు. చివరికి ఒకదాంట్లో సినిమా పాట ముందే అయిపోయింది, బొమ్మ ఇంకా నడుస్తోంది. ఆ కాస్త మేర మరో పాట వేయడం బీరయ్య మరిచినట్టున్నాడు. రోకళ్ల చప్పుడు వినబడింది. సక్కుబాయి కెమెరా వైపు తిరిగింది.

"ఓరి బీరిగా, ఆ లైటు మొకం మీదికెల్లి తియ్యిరా! కండ్లు పోతున్నయ్. నన్ను పాడమంటవా, ఒద్దంటవా?"

అంతే. తర్వాత భోజనాల బంతి వచ్చింది, దానితో ఇంకో సినిమా పాట.

రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. మళ్లీ వేయించింది, మళ్లీ మళ్లీ వేయించింది.

నీహారిక మెల్లగా అంది: "ఇందులో పాట లేదు కదమ్మా. మా సంస్థ పాటలే తీసుకుంటుంది. ఇది ఉత్త తిట్టు..."

"పాటను మీరందరు గలిసి సంపిండ్రు," అంది రాజమణి. "తిట్టన్న బతకనియ్యుండ్రి."