బావ చొక్కా, యాడీ గుడిసె

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు, చేతిలోకి స్మార్ట్‌ఫోను వచ్చాక సంగతే, నేను చాలా పెద్ద ఆఫీసర్ని. (ఉద్యోగం కాంట్రాక్టుది, దర్జా కలెక్టరుది.) మొగుడంపల్లి వైపు తండాల్లో గుడిసెల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించడం నా పని. అవి చూసి గిరిజనులకు పక్కా ఇళ్లు మంజూరు చేస్తారు. మొదటి రోజు కదా అని మా బావ చొక్కా, బావ బూట్లు, బావ నల్లకళ్లద్దాలు తగిలించుకుని జహీరాబాద్‌లో బయలుదేరాను. బావ నాకు రెండింతలుంటాడు.

జాబితాలో మొదటి పేరు ఒక ముసలామెది. తండా అంతా ఆమెను యాడీ అంటుంది, అంటే అమ్మ. వెళ్లేసరికి ఆమె గుడిసె పెళ్లిల్లులా ఉంది. కొత్తగా అలికిన వాకిట్లో పక్కింటి ఫ్రిజ్జు, ఎదురింటి మోటారుసైకిలు, ఎవరిదో కూలరు. మధ్యలో కుర్చీ వేసుకుని అద్దాల రవికలో యాడీ. తీయబోయిన ఫోను దించేశాను. ఈ ఫోటో పైకి వెళితే ఆమెకు ఇల్లు వచ్చినట్టే!

"ఇవన్నీ తీసెయ్యాలె యాడీ. గిట్ల దిగితే నీకు ఇల్లెందుకు అంటరు."

"పెద్దసార్లు చూస్తరట గద బిడ్డా! నా ఇజ్జత్ తీస్తవా?"

బతిమాలాను, చివరికి గద్దించాను కూడా. "ఊరోళ్ల సామాన్లు పెట్టుకొని ఫోటో దిగుడేంది?"

ఆమె నన్ను కిందా మీదా చూసింది. "జర చెప్పు సారూ, ఆ అంగీ నీదేనా?"

చేతులు కట్టుకుందామంటే చొక్కాలో అవెక్కడున్నాయో తెలియలేదు. "మా బావది" అన్నాను. తండా అంతా విరగబడి నవ్వింది. యాడీ కుర్చీలోంచి జారబోయి ఫ్రిజ్జు పట్టుకుని ఆగింది. నాకూ నవ్వాగలేదు.

"సారు లెక్క కనవడాలని నువ్వు బావను అడిగినవ్. ఇల్లుగలదాని లెక్క కనవడాలని నేను వీళ్లను అడిగిన. తప్పేంది?"

రాజీ కుదిరింది. మొదటి ఫోటో ఆమె కోసం: సామాన్లు, ఆమె, పక్కన కళ్లద్దాలతో నేను. పక్కింటి కోడలు తీసింది. తర్వాత ఎవరి సామాను వాళ్లు మోసుకుపోయారు. వంగిన దూలం, చిల్లుల కప్పు బయటపడ్డాయి. అద్దాల రవిక మాత్రం మార్చలేదు, అది ఆమె సొంతం. "నేను అడిగి తెచ్చినయి పోయినయి. మరి నీవి?" అంది. చేసేదేముంది, బనీనుతో, వట్టికాళ్లతో నిలబడి సర్కారు ఫోటో తీశాను.

ఇల్లు మంజూరైంది. గృహప్రవేశానికి వెళితే కొత్త గోడ మీద ఆ మొదటి ఫోటో పటం కట్టి ఉంది. యాడీ వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. "ఇది నా పాత ఇల్లు. ఈయన మా సారు. అంగీ ఈయన బావది."

ఇప్పుడు నాకు కొలిచి కుట్టించుకున్న చొక్కాలు బీరువా నిండా ఉన్నాయి. ఎన్ని వేసి చూసుకున్నా ఆ పటంలోని బక్క కుర్రాడి దర్జా మాత్రం రావడం లేదు.