బావ వదిలిన సొరలు

సొర చేపను చంపకూడదని నాకు నేర్పింది మా బావే. అక్క మొగుడు. నెల్లూరు బడిలో లెక్కలు చెప్పుకుంటున్న నా చేతికి గాలం ఇచ్చి, జువ్వలదిన్నె రేవు నుంచి సముద్రం మీదికి తీసుకెళ్లిందీ ఆయనే. సరదాకి పట్టాలి, ఊపిరి ఉండగానే వదిలెయ్యాలి అనేవాడు. సొరలు మిగతా చేపల్లా వేలల్లో గుడ్లు పెట్టవు, కనేది కొద్ది పిల్లల్నే, ఇట్లా తింటూ పోతే మిగలవు అని ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. సొర చేప పొడికూరంటే, అదే సొర పుట్టంటే పడిచచ్చే నేను దాన్ని మానేశాను. క్లాసులో పిల్లలకూ అదే పాఠం.

పడవలో మాకొక పద్ధతి ఉండేది. సొర పడింది నా గాలానికైనా, కొక్కెం తీసి వదిలే పని బావది. ఆ లోపు నేను రెండో కొసకు వెళ్లి ఇంకో గాలం చిక్కుపడకుండా చూడాలి. వెనక నీళ్లలో చప్పుడయ్యేది. "పోయినాదిలే మే" అనేవాడు. నేను మురిసిపోయేదాన్ని.

మొన్న నాకొక పాల సొర పడింది. పొట్ట ఉబ్బి ఉంది.

"కడుపుతో ఉండాది బావా, తొందరగా వదిలెయ్!" అని అరిచాను.

చప్పుడైంది. తల్లీపిల్లలూ బతికాయని ఆ రోజంతా ఒకటే సంబరం నాకు.

మర్నాడు మధ్యాహ్నం మా వంటింట్లో వెల్లుల్లి దట్టించిన సొర పుట్టు వాసన. పురిటికి వచ్చిన అక్క బాలింత. పాల సొర తింటే పాలు పడతాయని అమ్మ నమ్మకం.

"ఎక్కడిదమ్మా?"

"మీ బావ తెచ్చినాడు. కోస్తే కడుపునిండా పిల్లలు, పాపం. నీకు చెప్పబాకన్నాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఉయ్యాల దగ్గరున్న బావను నిలదీశాను. తడుముకోను కూడా లేదు.

"సొరను ఐసు పెట్టెలో ఏసి, బకెట్ నీళ్లు పారబోసినా. నువ్వు బాధపడతావనే చెప్పలా. బజార్లో కొన్నా చచ్చిన సొరే గదా?"

నా బాధ మీద ఎంత శ్రద్ధో!

"మరి ఇంతకుముందు వదిలినవి?" అన్నాను.

బావ బిడ్డకు దుప్పటి సర్దడం మొదలుపెట్టాడు. మంచం మీద అన్నం తింటున్న అక్క మాత్రం తలెత్తి, పాపం, మామూలుగానే చెప్పింది.

"మా అత్తకు ఆదివారం సొర లేకుంటే ముద్ద దిగదు గదా. ప్రతిసారీ ఆమెకు తెచ్చిస్తానే ఉన్నాడు. నీకు తెలీదా?"