అరగ్లాసు నీళ్ళు

తొలి కాన్పుకు పెద్దారవీడులోని పుట్టింటికి వెళ్ళాను. మండే ఎండాకాలం. బాబు పుట్టాక అమ్మ నా తలకు గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి, పూటకు అరగ్లాసు వేడినీళ్ళే ఇచ్చేది. ఇంకొంచెం అడిగితే, "బాలింతవు, నీళ్ళు తాగితే పొట్ట వస్తాది. ఓర్చుకో తల్లీ" అనేది.

తొమ్మిదో రోజు తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. గాలి తగిలిందనుకుని అమ్మ గుడ్డ ఇంకా బిగించింది. మర్నాడు పాలిస్తుంటే ఎడమ చెయ్యి పట్టు తప్పి, బాబు ఒళ్ళోకి జారిపోయాడు. తర్వాత ఫిట్స్ వచ్చాయట.

ఒంగోలు ఆసుపత్రిలో కళ్ళు తెరిచాను. మెదడు సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. బాలింతకు నీళ్ళు తగ్గితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుందట. కొన్నాళ్ళకు పరీక్షల్లో, రక్తం తొందరగా గడ్డకట్టే గుణం నాకు అమ్మ నుంచే వచ్చిందని తేలింది. నేను పుట్టినప్పుడు అమ్మ కూడా కాలు వాచి నెలరోజులు మంచం దిగలేదట; అదీ రక్తం గడ్డకట్టడమే అయ్యుంటుందన్నారు.

"నీళ్ళూ ఇయ్యకపోతిని, జబ్బూ నేనే ఇస్తిని" అని అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది.

"పొద్దుటి నుంచి మీయమ్మ చుక్క నీళ్ళు ముట్టలేదమ్మా" అన్నాడు నాయన.

నేను కుడిచేత్తో గ్లాసు ఎత్తి, "నీదీ ఇదే రక్తం కదమ్మా. సగం నువ్వు తాగితేనే సగం నేను తాగేది" అన్నాను. ఏడుస్తూనే తాగింది.

ఇప్పుడు మా వీధిలో ఎవరు ప్రసవించినా అమ్మ నీళ్ళచెంబుతో వెళ్తుంది. బాలింత తాగేదాకా బిడ్డను ఎత్తుకోదు.