అల్లుడుగారి అనుమానం

తను బిగించిన జాయింటుని తనే నమ్మని ప్లంబరుని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. పని అయిపోగానే పైపు కింద పాత న్యూస్‌పేపరు పరుస్తాడు. బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంటాడు. చుక్క పడుతుందేమోనని ఆ కాగితం వంకే చూస్తుంటాడు. చుక్క పడదు. అయినా చూస్తాడు. నేను టైల్స్ వేసేవాణ్ణి. ప్లంబరు బాత్‌రూమ్‌లోంచి కదిలితేగాని నా పని మొదలవదు. కాబట్టి ఇతని గురించి చెప్పే హక్కూ, తిట్టే హక్కూ లోకంలో అందరికంటే నాకే ఎక్కువ.

సైట్లో అందరం అతన్ని అల్లుడుగారనే పిలిచేవాళ్ళం. అతనికి పిల్లనిచ్చిన మామే అక్కడ ప్లంబింగ్ మేస్త్రి. మేస్త్రికి ముక్కుమీద కోపం. కానీ ఎంత కోపమొచ్చినా అల్లుణ్ణి నువ్వు అనడానికి నోరు రాదు. అందుకని మా సైట్లో తిట్లు కూడా మర్యాదగానే వినబడేవి.

"అల్లుడుగారూ, తమరి అనుమానం తగలబడ! లేస్తారా, భోజనం అక్కడికే పంపించమంటారా?"

"ఒక్క అయిదు నిమిషాలు మామయ్యా. ఇక్కడేదో మెరిసినట్టుంది."

"అది ఇత్తడండీ! ఇత్తడి మెరవక ఏడుస్తుందా?"

ఈ జబ్బు మా సైట్లో అంటుకున్నది కాదు. ప్లంబింగ్ శిక్షణలో ఆఖరి పరీక్షనాడే బయటపడిందట. పరీక్ష పెట్టేవాడు వచ్చి, ఇతను చేసిన పని అటూ ఇటూ చూసి, బాగుందని పెన్ను తీశాడు.

"సార్, సార్! అప్పుడే సంతకం పెట్టకండి."

"ఏం?"

"నీళ్ళు ఇప్పుడేగా వదిలాం. ఇంకాసేపు చూద్దాం."

"నేను పాస్ చేశానయ్యా!"

"మీరు చేశారు సార్. జాయింటు చెయ్యాలిగా."

తోటివాళ్ళంతా ఇళ్ళకి పోయి, తిని, ఓ కునుకు తీసి లేచేవేళకి ఇతను సర్టిఫికెట్టు పుచ్చుకుని బయటపడ్డాడు. ఆ తర్వాత దానిమీద ముద్ర ఆరిందో లేదో అని అనుమానమొచ్చి వేలితో రాసి చూశాడు. ఆరలేదు. ఇప్పటికీ ఆ సర్టిఫికెట్టు మీద ఏ సంస్థ ముద్ర ఉందో ఎవరికీ అర్థం కాదు.

కూతురు పుట్టిననాటి సంగతి ఇంకా అన్యాయం. నర్సు పరుగున వచ్చి వరండా అంతా వెతికితే, ఇతను చేతులు కడుక్కునే బేసిన్ కింద దూరి ఉన్నాడు.

"ఆడపిల్లండీ! తల్లీబిడ్డా బాగున్నారు."

"చాలా సంతోషం సిస్టర్. ఇక్కడ ఎన్నాళ్ళనుంచి చెమ్మగా ఉంటోంది?"

అతని భార్య ఆ మాట మరిచిపోలేదు. "ఆ బేసిన్ని చూసినంతసేపు ఏనాడైనా నా మొహం చూశారా?" అని నా ఎదురుగానే అడిగింది. "నీమీద నాకు అనుమానం లేదుగా" అన్నాడు. ఆవిడకి నవ్వాలో, చేతిలో గరిటె విసరాలో తెలియలేదు.

మామ మేస్త్రి దీనికి పూర్తిగా విరుద్ధం. పానాతో బిగించి, పైపుని అరచేత్తో ఒక్కసారి తట్టి, "పదండి" అనేవాడు. మళ్ళీ అటు చూసేవాడు కాదు. అది డాంబికం కాదు. అతని పైపుల మీద నేను ఎన్నో గోడలకి టైల్స్ అంటించాను. అప్పటిదాకా ఒక్క గోడ కూడా తిరిగి పగలగొట్టలేదు. అలాంటి పనితనం ఉన్న మనిషి పక్కన కూర్చుని అల్లుడు కాగితం వంక చూస్తుంటే, మామకి ఒళ్ళు మండదా మరి!

ఉన్నట్టుండి, ఆ బిల్డింగు కింది అంతస్తులో ఒక బాత్‌రూమ్ గోడ చెమ్మపట్టింది. నేను ప్రాణం పెట్టి వేసిన టైల్స్ నేనే సుత్తి పుచ్చుకుని పగలగొట్టాల్సి వచ్చింది. లోపల, పైపు మలుపు తిరిగేచోట జాయింటు నిదానంగా కారుతోంది. సూపర్‌వైజరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరు బిగించారిది?"

మామ నోరు తెరిచేలోపే అల్లుడు ముందుకొచ్చాడు. "నేనే సార్."

"చూడు మేస్త్రీ, పై అంతస్తు పైపులకి ప్రెషర్ టెస్టు పెట్టిస్తున్నా. ఒక్క చుక్క కారిందో, ఇక మీకూ ఈ బిల్డింగుకీ రుణం తీరినట్టే. వేరేవాళ్ళని పెట్టుకుంటా."

మామ మొహం మాడిపోయింది. ఆ వయసులో పనిలోంచి తీసేశారన్న పేరు వస్తే మళ్ళీ ఎవరూ పిలవరు. సూపర్‌వైజరు అటు వెళ్ళగానే అల్లుడి మీద విరుచుకుపడ్డాడు.

"పూటలకి పూటలు కాపలా కాసి తమరు వెలగబెట్టింది ఇదా అల్లుడుగారూ?"

"పొరపాటైపోయింది మామయ్యా."

నాకు అతను అల్లుడు కాడు గనక నేను హాయిగా ఏరా ఒరే అని తిట్టాను. అతను నా తిట్లన్నీ తలూపుతూ విని, విరిగిన టైల్స్ ఏరి బస్తాకి ఎత్తాడు.

ఆ రోజునుంచి అతని అనుమానం ముదిరిపోయింది. అందరం భోజనానికి దిగేవాళ్ళం, అతను మాత్రం పైనే ఉండిపోయేవాడు. "ఉండనీవయ్యా, దెబ్బ తగిలితేగాని బుద్ధి రాదు" అనేవాడు మామ. టెస్టుకి ముందురోజు మధ్యాహ్నం, టైల్స్ సమంగా ఉన్నాయో లేదో చూసే నా రసమట్టం పైన మరిచిపోయి, సణుక్కుంటూ మెట్లెక్కాను. అల్లుడుగారు బకెట్టు మీద లేడు. గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఒక జాయింటు విప్పుతున్నాడు. పొద్దున నా కళ్ళముందు మామ బిగించిన జాయింటు అది.

"ఏయ్, అది మీ మామది కదా!"

అతను ఉలిక్కిపడి తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లిగా అన్నా."

"ఆయన బిగించింది విప్పుతావేం?"

"ఈమధ్య కుడిచేతిలో పట్టు తప్పుతోంది ఆయనకి. బిగిసిందనుకుని ఆపేస్తున్నారు. ఆఖరి తిప్పు పడట్లేదు."

నాకు పగలగొట్టిన గోడ గుర్తొచ్చింది. "అయితే కింద కారింది..."

"వదిలెయ్యన్నా."

"ఆ మాటేదో ఆయనకే చెప్పొచ్చుగా?"

"నేనా? నిన్నగాక మొన్న పాసైనవాణ్ణి, ఆయనకి బిగించడం రావట్లేదని చెప్పనా? తర్వాత ఆ మనిషి పానా ముట్టుకుంటారా?" అని నవ్వాడు. "నాకు అనుమానం రోగం ముందే ఉండటం మంచిదైంది. ఇక్కడ ఎంతసేపు కూర్చున్నా ఎందుకని ఎవరూ అడగరు."

"సరే, బిగిస్తే చాలదా? విప్పడమెందుకు?"

అతను ఆ పైపు చివర నా కళ్ళముందు పెట్టాడు. పైపు మరల మీద చుట్టిన తెల్లటి టేపు ఎక్కడా ముడత లేకుండా, మర మరకీ అతుక్కుని ఉంది. "చూడన్నా, ఎంత సాపుగా చుట్టారో! నేను చుడితే మందం అయిపోతుంది, లేకపోతే చిరిగిపోతుంది. ఇలా చుట్టాలని క్లాసులో ఎవరూ చూపించలేదు. అన్నిటికీ ఆ ఆఖరి తిప్పు తిప్పేసి, రోజూ ఒకటి మాత్రం విప్పి చూస్తాను, మళ్ళీ అలాగే చుట్టి బిగిస్తాను. ఇప్పుడిప్పుడే నా చేతికీ వస్తోంది."

"మరి నువ్వు బిగించినవి?"

"వాటి దగ్గరా కూర్చుంటున్నాను. అవంటే నాకు నిజంగానే భయం."

నాకు అతని మీద జాలి వేయలేదు, ముద్దొచ్చాడు. ఆ సంగతి చెప్పడం చేతకాక, "త్వరగా కానీ, నాకు పనుంది" అని కసిరి వచ్చేశాను.

మర్నాడు పై అంతస్తు పైపుల్లోకి నీళ్ళెక్కించి పంపుతో ఒత్తిడి పెట్టారు. గేజిలో ముల్లు నిలబడితే పాసు, కిందికి జారితే ఎక్కడో కారుతున్నట్టు. సూపర్‌వైజరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మామ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. అల్లుడు గేజి వంకే చూస్తున్నాడు. ముల్లు మాత్రం మొండిగా నిలబడింది. చాలాసేపటికి సూపర్‌వైజరే విసుగెత్తి లేచాడు.

"బాగుంది మేస్త్రీ. మిగతా అంతస్తులు కూడా మీరే చెయ్యండి."

అతను మెట్లు దిగాడో లేదో మామ అందుకున్నాడు. "చూశారా అల్లుడుగారూ, పని అంటే అదీ! తమరు ఆ కాగితం చూస్తూ కూర్చున్నంతసేపు పని చేసుంటే ఇంకో బిల్డింగు లేచేది."

"నిజమే మామయ్యా. ఇంకా చాలా నేర్చుకోవాలి."

నాకు నోరు దురద పెట్టింది. అల్లుడు నావైపు చూసిన చూపుకి మింగేశాను. మామ పక్క బాత్‌రూమ్‌లోకి నడిచి, ఒక జాయింటు బిగించి, చెయ్యి దులుపుకుని బయటికొచ్చాడు. నేను అప్పుడే సిమెంటు కలపబోతున్నాను.

"అది అప్పుడే కలపకయ్యా. అల్లుడుగారు చూడనీ" అన్నాడు.

"ఏం మేస్త్రీ, మీకూ అనుమానం అంటుకుందా?"

"నాకెందుకయ్యా అనుమానం!" అని గొంతు తగ్గించాడు. "పొద్దున నేను బిగించిన జాయింటు మధ్యాహ్నానికి ఇంకాస్త గట్టిగా ఉంటోంది. అదెలాగని నేను అడిగానా? నువ్వూ అడక్కు."

కుడి మణికట్టు ఒత్తుకుంటూ భోజనానికి వెళ్ళిపోయాడు. లోపల అల్లుడుగారు న్యూస్‌పేపరు పరుస్తున్న చప్పుడు వినిపించింది. నేను తాపీ పక్కన పెట్టి, నాకూ కూర్చోవడానికి ఇంకో బకెట్టు ఎక్కడుందా అని వెతికాను.