సరిహద్దు దాకా సరిపోయే డీజిల్

2011లో నేను అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నప్పుడు సమ్మె వచ్చి బస్సులన్నీ ఆగిపోయాయి. అమ్మాయిలంతా వెళ్లిపోతుంటే హాస్టల్లో వంట కూడా మానేశారు. నాన్న లారీ డ్రైవరు. ఆ రోజు హైదరాబాద్ నుంచి షోలాపూర్‌కి ఇనుప పైపులు తీసుకెళ్తున్నాడు. జహీరాబాద్ దగ్గర మా ఊరు ఆయన దారిలోనే ఉంది. దింపుతా రమ్మన్నాడు. విద్యానగర్‌లో లోకల్ రైలెక్కి లింగంపల్లిలో దిగి, ఆటోలో పటాన్‌చెరు వెళ్లి లారీ ఎక్కాను.

సంగారెడ్డి దాటాక చూశాను, డీజిల్ ముల్లు ఎర్రగీత మీద ఉంది. ఒక బంకు పోయింది. ఇంకోటీ పోయింది. నాన్న అటు చూడనైనా లేదు.

"నాయినా, డీజిల్ అయిపోతున్నట్టుంది గదా?"

"అయిపోదు బిడ్డా. బార్డర్ దాటితే అగ్గువకు దొరుకుతది. ఈడ ఎవడు పోయించుకుంటడు?"

ట్రిప్పుకింతని ఓనరు డీజిల్‌కి డబ్బులిచ్చేవాడు. మిగిలింది డ్రైవరుదే. ఆ సంగతి చెప్పి నాన్న నవ్వాడు. "నీ హాస్టల్ కిరాయి యాడికెల్లి వస్తదనుకున్నవ్?"

నాకు నవ్వు రాలేదు.

సదాశివపేట దాటాక రోడ్డు చాలా దూరం కిందికి దిగుతుంది. అక్కడ నాన్న గేరు న్యూట్రల్‌లో వేసి ఇంజన్ ఆపేశాడు. అప్పటిదాకా గడగడలాడిన క్యాబిన్ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. వెనక పైపులు ఒకదానికొకటి తగిలే చప్పుడొక్కటే. లారీ వేగం పెరుగుతోంది. "అందరం ఇట్లనే చేస్తం, భయపడకు," అన్నాడు.

అప్పుడు పక్కదారి నుంచి ఒక ట్రాక్టరు రోడ్డెక్కింది. ట్రాలీ నిండా కూలికి పోయే ఆడవాళ్లు. నాన్న బ్రేకు తొక్కాడు, మళ్లీ తొక్కాడు. తొక్కినప్పుడల్లా బ్రేకు గాలి చూపించే ముల్లు కిందికి పడుతోంది. ఇంజన్ ఆగితే బ్రేకులకు కొత్త గాలి రాదని తర్వాత తెలిసింది. హారన్ కొడితే అదీ నీరసంగా మూలిగింది. గేరు వేసి ఇంజన్ లేపబోయాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఊరుకుంది. ట్యాంకు ఎండిపోయింది.

ట్రాలీలో చివర కూర్చున్నామె మావైపే చూస్తోంది. ఆమె ముక్కుపుడక కనిపించేంత దగ్గరికి వచ్చేశాం.

"గట్టిగ పట్టుకో బిడ్డా."

నాన్న సీట్లోంచి లేచి నిలబడి, రెండు చేతులతో స్టీరింగు తిప్పాడు. లారీ రోడ్డు దిగి చేనులోకి దూసుకెళ్లింది. వానలకు నానిన నల్లమట్టి మమ్మల్ని ఆపింది.

ట్రాక్టరు ఆగింది. ఆ ముక్కుపుడక ఆమె దిగొచ్చి, "ఇంటికాడ మా పిల్లలు ఎదురుచూస్తున్నరన్న సోయి ఉందా నీకు?" అంది. నాన్న చేతులు జోడించాడు. అది చూడలేక మొహం తిప్పుకున్నాను. చివరికి ట్రాక్టరు డ్రైవరే తన డబ్బాలోని డీజిల్ పోసి, ఇంజన్‌కు డీజిల్ అందే గొట్టాల్లో చేరిన గాలి తీసి ఇంజన్ లేపాడు. ఇంకో లారీకి తాడు కట్టి మా బండిని రోడ్డు మీదికి లాగారు. నన్ను ఊళ్లో దింపి నాన్న షోలాపూర్ దారి పట్టాడు.

సమ్మె ముగిశాక అశోక్‌నగర్ తిరిగొచ్చాను కానీ చదువు సాగలేదు. చిక్కడపల్లి లైబ్రరీలో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే చాలు, ఇంజన్ ఆగిన ఆ క్యాబినే గుర్తొచ్చి లేచి బయటికి వచ్చేసేదాన్ని. నాన్న బండి మీదున్న రోజుల్లో గంట గంటకూ ఫోన్ చేసేదాన్ని. ఎత్తకపోతే మెట్ల మీద కూర్చుండిపోయేదాన్ని.

నారాయణగూడలో ఇద్దరు పిల్లలకు లెక్కల ట్యూషన్ కుదుర్చుకుని నాన్నకు ఫోన్‌లో చెప్పాను.

"నాయినా, నా కిరాయి నేను కట్టుకుంట. నువ్వు ట్యాంకు నింపుకొనే పో."

"నీ చదువు పాడైతది."

"ఇప్పుడు మాత్రం ఏం చదువుతున్న? నీ మీదనే ఉంటది పానం."

"దిగుడు రోడ్డు మీద ఇంజన్ మాత్రం ఆపను. నీ మీద ఒట్టు."

ట్యాంకు నింపుతానని మాత్రం అనలేదు. ఆ తర్వాత కూడా బంకులు దాటేస్తూ సరిహద్దు దాకా లాక్కెళ్లిన రోజులు ఉండే ఉంటాయి. ఆ ఏడు నేను పరీక్ష తప్పాను. రెండేళ్లకు ఒక చిన్న ఉద్యోగం వచ్చింది. నాన్న స్టీరింగు వదిలేదాకా, ఆయన నంబరు నుంచి ఫోన్ వస్తే, అవతల ఇంకెవరి గొంతు వినిపిస్తుందోనని ఎత్తడానికి నాకు ధైర్యం చాలేది కాదు.